ఒంగోలు–నెల్లూరు దారికి ఏ డ్యాష్‌క్యామ్ మేలు?

నా ఉద్యోగం ఒంగోలులో, అమ్మ ఉండేది నెల్లూరు దర్గామిట్టలో. రెండు వారాలకొకసారైనా పదహారో నంబరు జాతీయ రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు పోయి రావడం నాకు తప్పదు. టంగుటూరు, సింగరాయకొండ, కావలి, కోవూరు దాటుకుంటూ సాగే ఈ దారి నున్నగా ఉంటుంది. ఆ నునుపును నమ్ముకుంటేనే ముప్పు. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలను మోసే ట్రెయిలర్లు, రొయ్యల లారీలు, కృష్ణపట్నం రేవుకు పోయే బండ్లు, డివైడరు సందులోంచి ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్లు, పొద్దుగూకేవేళ ఇంటిముఖం పట్టిన గేదెలు, అన్నీ ఈ రోడ్డు మీదే. అందుకే ముందు అద్దానికి అంటించి దారినంతా వీడియో తీసే డ్యాష్‌క్యామ్‌లు నాలుగేళ్లలో మూడు వాడాను. రెండింటిని ఎందుకు వదిలేశానో, మూడోదాన్ని ఎందుకు ఉంచుకున్నానో చెబితే, కొనబోయేవారికి కొంత డబ్బు, కొంత తలనొప్పి తప్పుతాయి.

అంగట్లో మొదట అడగాల్సింది కెమెరా ఎంత స్పష్టంగా తీస్తుందని కాదు, లోపల బ్యాటరీ ఉందా, కెపాసిటర్ ఉందా అని. ఈ తేడా తెలియకే నా మొదటి కెమెరా పోయింది. అది లిథియం బ్యాటరీది. చలికాలమంతా చక్కగా పనిచేసింది. మే నెలలో ఒక మధ్యాహ్నం కారును ఎండలో నిలిపి మూడు గంటల తరువాత వచ్చి చూస్తే, దాని వీపు ఉబ్బి, అతుకు దగ్గర మూత విచ్చుకుని ఉంది. రోహిణీ కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ముందు అద్దానికి అతుక్కుని ఉండే అగ్గిపెట్టెంత బ్యాటరీ ఏపాటిది? తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు వేడి 70 డిగ్రీల దాకా పోగలదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయడమే దానికి చేటు. 60 దాటితే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. మనం కారెక్కి తాళం తిప్పగానే జరిగేదేమిటి? కాగుతున్న బ్యాటరీకి చార్జింగు మొదలవుతుంది.

కెపాసిటర్ తీరు వేరు. అది కరెంటును ఎక్కువసేపు దాచుకోదు. కారు కరెంటు ఆగిన తరువాత కొన్ని సెకన్లపాటు కెమెరాను బతికించి, సగంలో ఉన్న వీడియో ఫైలును సరిగా మూసి ఆపేస్తుంది. రసాయనిక చర్యతో నడిచే బ్యాటరీలా కాక, విద్యుదావేశాన్నే నిలుపుకుంటుంది కాబట్టి వేడిని బాగా ఓర్చుకుంటుంది. దీనికీ లోటు లేకపోలేదు. కారు నుంచి ఊడదీస్తే కెమెరా పనిచేయదు. కొన్నిటిలో కారు చాలా రోజులు కదలకుండా ఉంటే గడియారం వెనక్కి పోతుంది, వీడియో మీద తప్పు తేదీ పడుతుంది. జీపీఎస్ ఉన్నదైతే ఉపగ్రహాల నుంచి సమయం తీసుకుని తానే సరిచేసుకుంటుంది. అందుకే జీపీఎస్‌కు కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ఏది బ్యాటరీదో, ఏది కెపాసిటర్‌దో పెట్టె చూసి పోల్చుకోవచ్చు. ఇన్ని ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) అని రాసి ఉంటే అది బ్యాటరీది. సూపర్ కెపాసిటర్ అని రాసి, ఎన్ని డిగ్రీల వరకు పనిచేస్తుందో కూడా చెప్పి ఉంటే దాన్ని చేతిలోకి తీసుకోండి. ముందు అద్దానికి ఎండ అట్ట పెట్టే అలవాటున్నవారు ఇంకొకటి గమనించాలి. అట్ట వల్ల సీట్లు చల్లగా ఉంటాయి గాని, అద్దానికీ అట్టకూ మధ్య ఇరుక్కున్న కెమెరా మరింత కాగుతుంది.

రెండోది కెపాసిటర్‌దే కొన్నాను. అయితే ముందు కెమెరా ఒక్కటే ఉన్నది తీసుకున్నాను. మూడు నాలుగు వేలలో వస్తుంది, వెనక్కి వైరు లాగే పని ఉండదు, నాకు జరగబోయేదంతా ముందే జరుగుతుందనుకున్నాను. ఒక ఆదివారం సాయంత్రం టంగుటూరు టోల్ గేటు ముందు వరుసలో ఆగి ఉన్నాను. ఒక సరుకుల వ్యాను వెనక నుంచి వచ్చి గుద్దింది. బంపరు చీలి, డిక్కీ మూత సొట్టపోయింది. డ్రైవరు దిగి, కారు వెనక్కి జారి నువ్వే వచ్చి నా బండికి తగిలావని వాదించాడు. ముందు కెమెరా ఒక మేలు చేసింది. నా ముందున్న కారు వీడియోలో ఉన్నచోటనే ఉంది, దూరం జరగలేదు. గుద్దిన క్షణంలో చిత్రం ముందుకే ఊగింది. నేను వెనక్కి రాలేదనడానికి అది చాలు. కానీ నేను బీమావారికి ఫోను చేస్తుండగా వ్యాను పక్క వరుసలోకి మళ్లి వెళ్లిపోయింది. అది ఎవరిదో చెప్పగలిగింది మాత్రం నా దగ్గర ఏదీ లేదు.

గుర్తున్నది ఏపీ 39 అన్న అక్షరాలూ, చివరి రెండు అంకెలూ. ఒకప్పుడైతే 26 అంటే నెల్లూరు, 27 అంటే ప్రకాశం అని, సగం నంబరు కనబడినా బండి ఏ జిల్లాదో తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ తెచ్చాక ఆ ఊతం పోయింది. ఇప్పుడు నంబరు మొత్తం కనిపించాలి, లేకపోతే ఏమీ కనిపించనట్టే. చివరకు మరమ్మతు నా బీమాలోనే చేయించుకున్నాను. నాలుగేళ్లు క్లెయిము లేకుండా నడిపి దక్కించుకున్న 45 శాతం బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, మరుసటి ఏడాది సున్నా అయింది. వెనక కెమెరాకు అదనంగా పెట్టాల్సిన మూడు నాలుగు వేల కంటే ఆ నష్టమే పెద్దది. టోల్ వరుసల్లో, ఊరి సిగ్నళ్ల దగ్గర మనం ఆగి ఉన్నప్పుడు దెబ్బ వచ్చేది ఎక్కువగా వెనక నుంచే. కాబట్టి ఒక్క కెమెరానా, రెండా అన్న ప్రశ్నలో నాకిక సందేహం లేదు. నేను ఉంచుకున్న మూడోది ముందూ వెనకా రెండు కెమెరాలున్న కెపాసిటర్‌దే. డబ్బు తక్కువైతే ముందు కెమెరా స్థాయిని ఒక మెట్టు తగ్గించుకోండి, వెనకదాన్ని మాత్రం మానుకోవద్దు.

ఇక చిత్రం స్పష్టత 2కెనా, చుక్కలు ఇంకా ఎక్కువుండే 4కెనా? దుకాణాల్లో ఎక్కువగా అమ్మజూపేది 4కెనే. పగటిపూట దాని మేలు నిజమే, నంబరు పలక ఇంకాస్త దూరం నుంచి చదవగలుగుతాం. రాత్రి సంగతి వేరు. ఎదుటి లారీ హైబీమ్ వెలుగులో, మనం ఎనభై తొంభై వేగంతో పోతున్నప్పుడు, పలక కదిలిన మసకగా పడుతుంది. ఎన్ని చుక్కలు ఎక్కువైనా మసక మసకే. అక్కడ అక్కరకొచ్చేది వెలుగునూ చీకటినీ ఒకే చిత్రంలో సర్దే హెచ్‌డీఆర్, తక్కువ కాంతిని పట్టుకునే మంచి సెన్సార్. సోనీ స్టార్విస్ సెన్సార్ ఉన్న 2కె కెమెరా, పేరులేని సెన్సార్ పెట్టిన 4కె కంటే రాత్రిపూట మెరుగు. కొనేముందు పగటి నమూనా వీడియోలు చూసి మురిసిపోకుండా, చీకట్లో హైవే మీద తీసినవి వెతికి చూడండి.

మెమరీ కార్డు లెక్క కూడా 2కె వైపే మొగ్గుతుంది. ముందు 2కె, వెనక దానికంటే ఒక మెట్టు తక్కువ స్పష్టత గల 1080పి కలిపి గంటకు సుమారు 14 జీబీ పడుతుంది. 64 జీబీ కార్డు నాలుగు గంటల్లో నిండిపోయి, పాత వీడియోల మీద కొత్తవి రాయడం మొదలుపెడుతుంది. ఒంగోలు నుంచి నెల్లూరు పోయి వచ్చేసరికి పొద్దున జరిగింది కార్డులో మిగలదు. 128 జీబీ అయితే ఆ రోజంతా ఉంటుంది. 4కెకు ఆ 128 కూడా ఇరుకే. కార్డు ఏదైనా నిరంతర రికార్డింగుకు తయారైన హై ఎండ్యూరెన్స్ రకమే కావాలి. ఫోనులో వాడి తీసిన పాత కార్డు పెడితే, పగలూ రాత్రీ చెరిపి రాసే పనికి అది తొందరగా అరిగిపోతుంది. అరిగిందన్న సంగతి మనకు తెలిసేది సరిగ్గా వీడియో అవసరపడిన రోజునే.

ఫోనునే డ్యాష్‌క్యామ్‌గా వాడితే చాలదా అని అడిగేవారికి ఒక్క మాట: మన ఎండలో అది అరగంటకే వేడెక్కి ఆగిపోతుంది, మధ్యలో ఫోను వస్తే రికార్డింగుకు గండి పడుతుంది. లోపలి అద్దం మీద తొడిగే తెర కెమెరాలు చూడముచ్చటగా ఉంటాయి గాని, పగటి వెలుగులో వాటి మీద తళుకు కళ్లకు అడ్డం. సిమ్ పెట్టి వీడియోను ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లోకి పంపే రకం ఒకరి కింద పది కార్లు నడుస్తుంటే పనికొస్తుంది. ఇంటి కారుకు నెలనెలా అద్దె కట్టడం అనవసరం.

బిగింపు దగ్గర రెండు దారులున్నాయి. లైటర్ సాకెట్‌లో గుచ్చేయడం, లేదా ఫ్యూజు డబ్బా నుంచి వైరు లాగడం. సాకెట్ పద్ధతిలో కారు వైర్లను ఎవరూ ముట్టుకోరు, వారంటీ భయం ఉండదు, మీరే అరగంటలో పెట్టుకోవచ్చు. కానీ చాలా కార్లలో తాళంచెవి తీయగానే సాకెట్‌కు కరెంటు ఆగుతుంది. కారు నిలిపి ఉన్నప్పుడు ఎవరైనా గీసిపోయినా కెమెరా చూడదు. పైగా ఫోను చార్జర్ పెట్టడానికి ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని పీకుతారు, మళ్లీ గుచ్చడం మరిచిపోతారు.

ఫ్యూజు డబ్బా పద్ధతిలో మూడు వైర్లుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, ఒకటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, మూడోది కారు ఇనుప భాగానికి బిగించే ఎర్తు. నేను వెళ్లిన ఒంగోలు దుకాణంలో ఎలక్ట్రీషియన్, "పది నిమిషాల పని సార్, మ్యూజిక్ సిస్టం వైరును కాస్త ఒలిచి కలిపేస్తాను" అన్నాడు. "వద్దు బాబూ, వైరు కోయవద్దు. ఫ్యూజు ట్యాప్‌లు తెచ్చాను, వాటితోనే పెట్టు" అన్నాను. ఫ్యూజు ట్యాప్ అంటే ఉన్న ఫ్యూజు తీసి, ఆ చోట రెండు ఫ్యూజులు పట్టే చిన్న ముక్క గుచ్చడం. తరువాత ఎప్పుడు తీసేసినా కారు మునుపటిలాగే ఉంటుంది. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల ఫ్యూజుల జోలికి మాత్రం పోనీయకండి.

మీరు దగ్గరుండి చూడాల్సింది ఇంకొకటి ఉంది. ముందు అద్దం పక్క స్తంభంలో, పరదాలా విచ్చుకునే (కర్టెన్) ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో వైరును ఆ బ్యాగుకు వెనకగా పోనివ్వాలి. ముందుగా పోతే, ప్రమాదంలో బ్యాగు విచ్చుకునేటప్పుడు వైరు అడ్డుపడవచ్చు, ఎగిరి ముఖానికి తగలవచ్చు. ఈ సంగతి తెలియని పనివారున్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

నిలిపిన కారులో కెమెరా బ్యాటరీని పీల్చేస్తుందన్న భయం సగమే నిజం. పార్కింగ్ రికార్డింగుకు పావు ఆంపియరు అనుకుందాం. రాత్రి పన్నెండు గంటలకు మూడు ఆంపియర్ అవర్లు. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, దానికిది లెక్కలోది కాదు. అదే కారును రైల్వే స్టేషన్ దగ్గర వదిలి మూడు రోజులు ఊరెళితే 18 అవుతుంది, అంటే సగానికి పైగా ఖాళీ. కాబట్టి వోల్టేజి పడిపోతే తానే ఆగిపోయే వైర్ల కిట్టు కొని, దాన్ని 12 వోల్టులకు తగ్గకుండా పెట్టించండి. పాత బ్యాటరీ అయితే 12.2 మంచిది.

కెమెరా చోటు ముందు అద్దం పైభాగంలో, లోపలి అద్దానికి వెనక, ఎడమవైపు. వైపరు తుడిచే మేరలోనే ఉండాలి, లేకపోతే వానలో నీటి చారలే రికార్డవుతాయి. సాధారణంగా ఫాస్టాగ్ అంటించేదీ ఆ చుట్టుపక్కలే కాబట్టి దాన్ని కప్పకుండా జరపండి. కొత్త కార్లలో అక్కడే ఉండే కంపెనీ కెమెరాకు, వాన సెన్సార్‌కు కూడా అడ్డం రాకూడదు. కెమెరా బంకను, అద్దం నీడలో చల్లగా ఉన్నప్పుడు అంటించి, ఒక రోజు కదపకుండా వదిలేస్తే గట్టిగా పడుతుంది.

ఏదైనా జరిగితే, అందరూ క్షేమమని చూసుకున్నాక, కెమెరా మీది అత్యవసర మీట నొక్కి ఆ ఫైలును కాపాడండి. కెమెరా ఆపి కార్డు తీసి భద్రపరచండి, ఫోనులోకి పంపుకున్న నకలును మాత్రమే నమ్ముకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. అంటే ఫైలులో ఏ కొంచెం మారినా తానూ మారిపోయే, ఫైలు వేలిముద్ర లాంటి కోడ్. వాట్సాప్‌లో కుదించి పంపిన వీడియో హాష్ అసలు ఫైలుదానితో సరిపోలదు.

నెల్లూరులో టాక్సీ నడిపే మా తమ్ముడికి కూడా రెండు కెమెరాలది, కెపాసిటర్‌దే కొనిచ్చాను. వాడి కారు రాత్రిళ్లు ఇంటి గేటు లోపలే ఉంటుంది కాబట్టి పార్కింగ్ రికార్డింగు అవసరం లేదు, సాకెట్‌తోనే నడుస్తోంది. ఒక్కటి మాత్రం మొదటి రోజే మార్పించాను. వెనక సీట్లో కూర్చునేవారు ఇంటి సంగతులు, ఆసుపత్రి సంగతులు మాట్లాడుకుంటారు. అవి రికార్డు కాకుండా మైకు ఆపించాను.