సూర్యారావుపేటలో స్లీవ్ సర్జరీ: నర్సింగ్ సూపర్, డిశ్చార్జ్ మాత్రం హడావిడి

మా అక్కకి బెజవాడ సూర్యారావుపేటలో ఒక హాస్పిటల్లో స్లీవ్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్ చేయించాం, హాస్పిటల్ పేరు రాయట్లేదు. డాక్టర్ గురించి అందరూ అడుగుతారు కానీ నేను నర్సుల గురించే చెప్తా, జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం తీసేశాక మనిషిని మళ్ళీ నిలబెట్టింది వాళ్ళే అండి.

ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపించారు. అక్క ఏడుపు, అమ్మేమో కుట్లు ఊడిపోతాయి పడుకోనివ్వండమ్మా అని ఒకటే గోల. ఆ సిస్టర్ కొంచెం కూడా విసుక్కోకుండా, కాళ్ళలో రక్తం గడ్డకట్టకూడదంటే నడవాల్సిందే పిన్నిగారు, ఆ బిగుతు సాక్సులూ పొట్ట మీద చేసే ఇంజక్షన్లూ కూడా అందుకే అని కూర్చోబెట్టి చెప్పింది. అసలు కుట్ల కన్నా భుజం నొప్పి ఎక్కువ ఏడిపించింది, గుండెకేమైనా అయిందేమో అని మాకు చెమటలు, తీరా చూస్తే లాప్రోస్కోపీకి (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) పొట్టలోకి ఎక్కించే గ్యాస్ వల్లంట, నడిచేకొద్దీ తగ్గిపోయింది. ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు, దాన్ని ఊదకూడదు, గాలి లోపలికి పీల్చాలి.

నీళ్ళు మందు కప్పుతో 30 ఎంఎల్, అదీ గుక్కగుక్కగా. గబగబా తాగితే ఛాతీ పట్టేసినట్టు అయ్యి వాంతి వస్తుంది. తెనాలి నుంచి చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఇడ్లీ క్యారేజీ తెచ్చి పాపం పిల్ల నీరసపడిపోయింది ఒక్కటి తిననివ్వండి అంటుంటే సిస్టరే అడ్డుపడింది, ఆ ఒక్కదానికే ఆవిడకి దణ్ణం పెట్టాలి.

నచ్చనిది డిశ్చార్జ్. ఒకపక్క బిల్లింగ్ వాళ్ళు పిలుస్తుంటే డైటీషియన్ నిలబడే గబగబా చెప్పేసి వెళ్ళిపోయింది, చేతిలో పెట్టిన కాగితం మొత్తం ఇంగ్లీషు. ఇంట్లో వండిపెట్టేది అమ్మ, ఆవిడకి అర్థమయ్యేట్టు తెలుగులో ఇవ్వొద్దా? ముందు ద్రవాలు, తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తర్వాతే మెత్తటి అన్నం కూర, రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్, తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, విటమిన్ బిళ్ళలు జీవితాంతం, ఇవన్నీ మేమే వెంటపడి రాయించుకున్నాం. జ్వరం, గుండె దడ, పొట్ట నొప్పి పెరగడం, నీళ్ళు కూడా ఇమడకపోవడం, వీటిల్లో ఏదొచ్చినా అర్ధరాత్రయినా సరే వచ్చేయాలన్న ముక్క కూడా అడిగితేనే చెప్పారు, అదైతే గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాల్సింది.

నర్సింగ్‌కి 5కి 5, డిశ్చార్జ్‌కి 2. ఎవరైనా వెళ్తుంటే ముందురోజే డైటీషియన్‌ని రూముకి పిలిపించుకోండి, ఇంట్లో వంట చేసేవాళ్ళు పక్కనే ఉండాలి.