వేడిగాలా, హీలియమా?

ఆటగాళ్లు తమకు నచ్చిన యంత్రాలను స్వేచ్ఛగా కట్టి నడిపే ఇంజినీరింగ్ శాండ్‌బాక్స్ ఆటలో గాలికంటే తేలికైన వాహనాలను చేర్చడానికి వేడిగాలి, హీలియం అనే రెండు దారులున్నాయి. సముద్రమట్టం వద్ద ఒక ఘనమీటరు హీలియం సుమారు 1 కిలో బరువును ఎత్తగలిగితే, 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన గాలి దాదాపు 280 గ్రాములే ఎత్తుతుంది. అయినా నా మొగ్గు వేడిగాలివైపే, ఎందుకంటే మంట పెంచిన కాసేపటికి గానీ బుట్ట నేలను వదలదు, ఆ ఆలస్యాన్ని ముందే అంచనా వేసి మంట తగ్గించడంలోనే ఆటగాడి నేర్పు తెలుస్తుంది. హీలియానికి ఇంధనం అక్కర్లేదు గానీ, దిగాలంటే వాయువును, ఎక్కాలంటే ఇసుక బస్తాలను వదులుకోవాలి. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఎగరేసే శాస్త్రీయ బెలూన్లలో నేలమీద కొంతభాగమే, హీలియంలాగే గాలికంటే తేలికైన హైడ్రోజన్ నింపుతారు. పైకెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గి, ముడతలు పడిన పలుచని ప్లాస్టిక్ సంచి నిండుగా ఉబ్బుతుంది. ఈ ఉబ్బును లెక్కలోకి తీసుకోని ఆటలో హీలియం ఎంపిక పెట్టకపోవడమే మేలు.