కాంపోజిట్ డెక్ బోర్డుల కోసిన చివర్లు: 2019 నుంచి వాడుతున్న మా అనుభవం

మా ఇల్లు న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర. 2019 వేసవిలో పాత చెక్క డెక్ (ఇంటిని ఆనుకుని బోర్డులతో కట్టే అరుగులాంటిది) పీకించి కాంపోజిట్ బోర్డులతో కొత్తది వేయించాం. ఏ కంపెనీ బోర్డు మంచిది, ఏ రంగు బాగుంటుంది అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కోసిన చివర్ల గురించే రాస్తాను. ఇన్నేళ్లలో మా డెక్ మీద మార్పు కనిపించింది అక్కడే. పైభాగం సబ్బునీళ్లతో రుద్దితే ఇప్పటికీ బాగానే ఉంది.

బోర్డు లోపల ఉండేది చెక్కపొడి, పాలిథీన్ కలిపి అదిమిన ముద్ద. దాని మీద గట్టి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని క్యాప్ అంటారు. రంగు నిలవడం, మరక పట్టకపోవడం, చెక్కలాంటి గీతలు, ఇవన్నీ ఆ పొరవల్ల వచ్చేవే. కొన్ని రకాల్లో అడుగున ఆ పొర ఉండదు. రంపం పెట్టిన చోట ఏ రకానికీ ఉండదు. మా బోర్డులు పైన ముదురు బూడిద రంగు, కోసిన ముఖం లేత గోధుమ రంగు, ఊక కలిపి మెత్తిన గోడ పెచ్చు ఊడినట్టు ఉంటుంది. పెరట్లో ఎక్కడ నిలబడి చూసినా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

మా డెక్‌లో బోర్డులు ఇంటి గోడకి సమాంతరంగా పరిచారు కాబట్టి కోసిన చివర్లు ఎడమవైపు, కుడివైపు, మెట్ల దగ్గర వచ్చాయి. ఖర్చు చూసుకుని మూడు చోట్లా మూడు రకాలుగా చేయించాం. అందుకే ఒకే ఇంట్లో, ఒకే ఎండకీ మంచుకీ ఏది ఎలా నిలిచిందో పోల్చి చెప్పగలుగుతున్నాను.

ఎడమవైపు, ముందువైపు పిక్చర్ ఫ్రేమ్ చేయించాం. అంటే పరిచిన బోర్డుల చివర్లకి అడ్డంగా, అంచు పొడుగునా ఇంకో బోర్డు తిప్పడం. చివర్లు ఆ బోర్డు పక్కన సన్నని సందులో దాక్కుంటాయి, బయటికి కనిపించేది క్యాప్ ఉన్న అంచే. నేను పూర్తి మార్కులు ఇచ్చేది దీనికే. చెత్త ఆ సందులో చేరుతుంది, ఆకురాలే కాలం అయిపోగానే సన్నని ప్లాస్టిక్ పట్టీతో గీకి తీస్తే సరిపోతుంది. సందు లేకుండా బిగించేస్తే ఇంకా అందంగా ఉంటుందని అనిపిస్తుంది గానీ అది వద్దు. కాంపోజిట్ బోర్డు వేడికి పొడుగులో సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పదహారు అడుగుల బోర్డు మా దగ్గర జనవరికీ జులైకీ మధ్య పావు అంగుళం దాకా కదులుతుంది. బిగించే రోజు వాతావరణాన్ని బట్టి ఎంత సందు వదలాలో కంపెనీ కాగితాల్లోనే పట్టిక ఉంటుంది, మేస్త్రీ దాన్ని చూశాడో లేదో అడగండి.

పిక్చర్ ఫ్రేమ్‌కి అసలు పని కింద ఉంటుంది. అంచు బోర్డు వెడల్పు అయిదున్నర అంగుళాలు. దాని కిందా, దాని పక్కన ఆగిపోయే బోర్డుల చివర్ల కిందా చెక్క ఆధారం ఉండాలి. అంటే అదనంగా ఒక జాయిస్ట్ (బోర్డుల్ని కింద మోసే దూలం), మధ్య మధ్య అడ్డ చెక్కముక్కలు, వాటినే బ్లాకింగ్ అంటారు. ఇవన్నీ డెక్ కింది చెక్క చట్రం కట్టేటప్పుడే పెట్టాలి. బోర్డులు పరిచేశాక "అంచు కూడా వేసేయండి" అంటే సగం డెక్ విప్పాల్సి వస్తుంది. చివర్ల సంగతి చివర్లో చూద్దాం అనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క విషయమే.

మూలల్లో రెండు అంచు బోర్డులు నలభై అయిదు డిగ్రీల మైటర్ కట్‌తో కలుస్తాయి. వేసిన రోజు గీతలా ఉండే ఆ అతుకు చలికాలంలో విడుతుంది. ఎండ ఎక్కువ తగిలే మూలలో ఫిబ్రవరిలో క్వార్టర్ (పావు డాలర్) నాణెం నిలువుగా దూరుతుంది. మే నెలకి మళ్లీ దగ్గరకొస్తుంది. ఆ అతుకులో సిలికాన్ నింపమని ఒకరు సలహా ఇచ్చారు, నేను నింపించలేదు. పాలిథీన్‌కి సిలికాన్ పట్టదు, పైగా కదిలే చోట నింపింది నలిగి ఊడి వస్తుంది.

జిగురు మాట వచ్చింది కాబట్టి మెట్ల సంగతి. మెట్ల బోర్డుల చివర్లకి ప్లాస్టిక్ ఎండ్ క్యాపులు (కోసిన ముఖాన్ని మూసే మూతలు) అంటించి వెళ్లాడు కాంట్రాక్టర్. మొదటి ఏడాది చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. రెండో చలికాలానికి ఒక్కొక్కటే రాలడం మొదలైంది. మంచు పార చిన్నగా తగిలినా ఊడొచ్చేది. తప్పు జిగురు రకానిది కాదు. పాలిథీన్ ఉన్న ముఖానికి మామూలు జిగుర్లు ఏవీ సరిగ్గా అంటవు, పాల కవరు మీద స్టిక్కర్ నిలవదు చూడండి, అదే కారణం. దానికి తోడు బోర్డు ఒకలా, క్యాపు ఒకలా సాగుతాయి. పూర్తి పీవీసీ బోర్డులైతే వేరే సంగతి, ఏజెక్ లాంటి వాటికి పీవీసీ జిగురు పనిచేస్తుంది. చెక్కపొడి కలిసిన కాంపోజిట్‌కి మాత్రం అంటించే క్యాపుల మీద నమ్మకం పెట్టుకోకండి.

దీపావళికి మేం మెట్ల చివర్లనే ప్రమిదలు పెడతాం. ఒలికిన నువ్వుల నూనె బోర్డు పైన తుడిస్తే పోయింది. ఎండ్ క్యాపు ఊడిన చోట మాత్రం లోపలికి ఇంకి నల్లటి మచ్చ నిలిచిపోయింది, డిష్ సోప్‌తో ఎంత రుద్దినా పూర్తిగా వదల్లేదు. పసుపు సంగతి దీనికి భిన్నం. మా అత్తగారు వచ్చిన ఏడాది మాగాయ ముక్కలు డెక్ మీద ఎండబెట్టారు, ఉప్పూ పసుపూ కలిసిన ఊట కుడివైపు చివర్ల మీదుగా కారింది. పచ్చగా పట్టేసిందని ఆవిడ చాలా బాధపడ్డారు. వేసవి ఎండకే అది పూర్తిగా వెలిసిపోయింది.

ఆ కుడివైపు ఏసీ యూనిట్ ఉన్న పక్క, ఎవరూ చూడరని చివర్లు అలాగే వదిలేశాం. ఒక అంగుళం బయటికి ఉంచి సుద్దదారంతో గీత కొట్టి అన్నీ ఒకేసారి వరసగా కోశారు, కింద డెక్ పక్కభాగాన్ని కప్పే నిలువు బోర్డు, అంటే ఫేసియా, వచ్చింది. ఈ చివర్లు పుచ్చలేదు, పొట్టు రాలలేదు, క్యాప్ అంచు లేవలేదు. లేత గోధుమ రంగు బూడిదగా మారి పైరంగుకి కొంచెం దగ్గరైంది కూడా. నీడ పడే చోట నల్లటి బూజు చుక్కలు వస్తాయి, చెక్కపొడి తేమ పీల్చినందుకు. ఏటా వసంతంలో మెత్తటి బ్రష్, సబ్బునీళ్లతో పోతాయి. కాబట్టి "చివర్లు సీల్ చేయకపోతే బోర్డు పాడైపోతుంది" అని ఎవరైనా టెన్షన్ పెడితే పట్టించుకోకండి. మాకు అది చూపుకి సంబంధించిన లోపంగానే ఉంది.

ఆ వైపే ఒక నాలుగు బోర్డులకి రంగు వేసి చూశాను, బయట వాడే అక్రిలిక్‌లో దగ్గరి రంగు కలిపించి. ఒక చలికాలానికే పొరలు లేచాయి. ఊడుతున్న రంగు కన్నా రంగులేని చివరే నయం.

మా వీధిలో ఇంకో తెలుగువాళ్ల ఇంట్లో ఫేసియానే పైకి లేపి, బోర్డుల పైభాగానికి సమంగా బిగించి చివర్లు మూయించారు. మొదట్లో చక్కగా ఉండేది. ఆగస్టులో బోర్డులు సాగి నెట్టేసరికి ఫేసియా మధ్యలో ఉబ్బింది. "అన్నా, మీరు చేయించినట్టే చేయించాల్సింది" అన్నాడు ఆ తమ్ముడు. ఆ పద్ధతే కావాలంటే వెనక సందు ఉంచాలి, ఫేసియాకి స్క్రూ కన్నా పెద్ద రంధ్రం వేసి బిగించాలి, నీళ్లు కిందికి జారే దారి ఉండాలి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఇప్పుడు డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన కాంపోజిట్) పలకలు బాగా వేస్తున్నారు. వాటిలో చాలావరకు లోపల బోలుగా ఉండే రకం. మా చెల్లెలి ఫ్లాట్‌లోనూ అవే. అక్కడ చివర మూయడం అందం కోసమే కాదు, తెరిచి ఉంటే గొట్టాల్లోకి చీమలు, వాననీటితో మట్టి చేరతాయి. రంధ్రాల్లోకి బిగుతుగా దూరే క్యాపులు, లేదా చివర మీదుగా స్క్రూలతో బిగించే అల్యూమినియం ఎల్ యాంగిల్ అడగమని చెల్లెలికి చెప్పాను.

మా మెట్లు వచ్చే వసంతంలో మార్పిస్తున్నాం. ప్రతి మెట్టుకీ పక్కన అడ్డంగా చిన్న అంచు ముక్క, 45 డిగ్రీల కోత, దాని కింద బ్లాకింగ్, పక్కనుంచి స్టెయిన్‌లెస్ స్క్రూలు. జిగురు లేదు. పాత బోర్డుల్ని ఆ నూనె మచ్చలున్న చివర్లు కోసేసి మళ్లీ వాడుకోవచ్చని కొత్త మేస్త్రీ అన్నాడు. మెట్టు పొడుగు రెండు వైపులా ఒక్కో అంచు ముక్క వెడల్పు తగ్గుతుంది కాబట్టి పాత ముక్కలే సరిపోతాయి. కొత్తగా కొనాల్సింది అంచులకి ఒకటి రెండు బోర్డులు. అదే రంగు ఇంకా దొరుకుతోంది, వెలిసిన పాతవాటి పక్కన కొంచెం ముదురుగా కనిపిస్తుంది.