“మీ పాత క్యాసెట్లు కూడా పనిచేస్తాయి” అంటే నమ్మి కొనకండి

తొంభైల నాటి టీవీ గేమ్ మళ్ళీ వచ్చిందంటూ ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. బూడిదరంగు చిన్న డబ్బా, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, పక్కన ఆటలుండే పసుపుపచ్చ క్యాసెట్ బొమ్మ. కింద “మీ పాత క్యాసెట్లు కూడా పనిచేస్తాయి” అని రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్క చూసే నేను 2,499 రూపాయలు కట్టేశాను. సంక్రాంతికి ఊరెళ్ళి అందరూ కూర్చుని ఆడదామని మీరూ దానివైపు చూస్తుంటే, ఒక్క అయిదు నిమిషాలు ఆగి ఇది చదవండి.

మాది తెనాలి. ఏడో తరగతి పరీక్షలయ్యాక నాన్న అన్నయ్యకి టీవీ గేమ్ కొనిచ్చారు. పేరుకి ఇద్దరికీ అని. కానీ మీకు గుర్తుండే ఉంటుంది, స్టార్ట్, సెలెక్ట్ బటన్లు మొదటి రిమోట్‌కే ఉండేవి. రెండో రిమోట్ పట్టుకున్నవాళ్ళు ఆట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడాల్సిందే. నా చిన్నతనమంతా ఆ రెండో రిమోట్‌తోనే గడిచింది. క్యాసెట్ ఆడకపోతే తీసి, నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. కాంట్రా అనే ఆటలో మూడో స్టేజ్ జలపాతం వస్తుంది చూడండి, అక్కడ అన్నయ్య గబగబా పైకి దూకేసేవాడు. తెర పైకి జరిగేది, కింద మిగిలిపోయిన నేను చచ్చేదాన్ని. “నువ్వే లేటు” అనేవాడు. వంటింట్లోంచి అమ్మ “పిక్చర్ ట్యూబ్ పోతుందర్రా” అని అరుస్తూనే ఉండేది.

డబ్బా ఎప్పుడో పోయింది. ఒక క్యాసెట్ మాత్రం అమ్మ ట్రంకుపెట్టెలో మిగిలింది. లేబుల్ మీద అన్నయ్య బాల్‌పెన్నుతో తన పేరు రాసుకుంటే, కింద నేను కాంపాస్ ముల్లుతో నా పేరు గీకాను. ఈసారి అన్నయ్య బెంగళూరు నుంచి వచ్చేసరికి అదే క్యాసెట్ పెట్టి కూర్చోబెట్టాలని నా సరదా. అందుకే ఆ డబ్బా కొన్నాను.

పార్సిల్ వచ్చింది. డబ్బాకి ముందు మూత కనిపిస్తోంది. గోరు పెట్టి లాగాను, రాలేదు. కొత్తది కదా బిగుతుగా ఉందేమో అనుకుని చెంచా కాడతో లేపబోయాను. మా అమ్మాయి పక్కన నిలబడి చూసి “అమ్మా, అది గీత మాత్రమే” అంది. నిజమే. మూత ఆకారంలో పోత పోసిన ప్లాస్టిక్ అది. క్యాసెట్ పెట్టే చోటే లేదు. పైన పటారం, లోన లొటారం.

తరవాత తెలిసింది. 2016లో నింటెండో అనే జపాన్ కంపెనీ తన పాత మెషీన్‌ని అరచేతిలో పట్టేంత చిన్నగా చేసి, లోపల 30 ఆటలు పెట్టి అమ్మింది. దానికీ మూత తెరుచుకోదు, కానీ వాళ్ళు తెరుచుకుంటుందని చెప్పలేదు. నా దగ్గరికి వచ్చింది దాని నకలు. నకలు అని నా గొడవ కాదు. మన చిన్నప్పుడు ఆడినవి మాత్రం ఏమిటి, 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ అనే నింటెండో మెషీన్‌కి నకళ్ళే కదా! లేనిదాన్ని ఉందని చెప్పి అమ్మారు, అదీ నా కోపం.

నిజంగా క్యాసెట్ పెట్టుకునే మెషీన్ వెతికేవాళ్ళు ఇంకోటి చూసుకోండి. మన దగ్గర దొరికిన ఆ పొట్టి క్యాసెట్లు ఫ్యామికామ్ రకం, వాటికి 60 పిన్నులు. అదే మెషీన్‌ని అమెరికాలో ఎన్ఈఎస్ పేరుతో అమ్మారు, దానిది 72 పిన్నుల క్యాసెట్. విదేశం నుంచి చుట్టాలు అసలైన ఎన్ఈఎస్ తెచ్చిపెట్టినా మన క్యాసెట్ అందులో పట్టదు, మధ్యలో కన్వర్టర్ కావాలి. అమ్మేవాళ్ళని పిన్నులెన్ని అని అడగండి. పాత క్యాసెట్ పెట్టి ఆన్ చేసిన వీడియో పంపమనండి. వీడియో పంపడానికి నసిగితే అక్కడే వదిలేయండి.

ఇక తుపాకీ సంగతి. బాతుల ఆటకి ఇచ్చారు. మా ఎల్ఈడీ టీవీ ముందు మా అమ్మాయి అరగంట కాల్చింది. ఒక్క బాతు పడలేదు. ప్రతిసారీ పొదలోంచి కుక్క లేచి నవ్వడమే. తుపాకీ పాడైందనుకున్నాను గానీ, బాగున్నా అంతేనట. ట్రిగ్గర్ నొక్కగానే తెర లిప్తపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్‌కి ఆ వెలుగు అందితే బాతు పడ్డట్టు లెక్క. అంటే తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు, టీవీ వెలుగే దాని లోపలికి వెళ్తుంది. (టీవీకి గొట్టం ఆనించి కాల్చినవాళ్ళం అందరం ఇప్పుడు సిగ్గుపడొచ్చు.) పాత డబ్బా టీవీలో ఆ వెలుగు ఠక్కున వచ్చేది. ఇప్పటి టీవీ బొమ్మని సర్దుకుని చూపించేలోపు తుపాకీ చూడటం అయిపోతుంది. కాబట్టి ఇంట్లో పాత టీవీ లేకపోతే తుపాకీ ఉన్న సెట్టుకి ఎక్కువ డబ్బు పెట్టకండి. మారియో దూకడం కూడా ఇదే ఆలస్యం వల్ల గోతిలోకే అవుతుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే కాస్త నయం.

“500 ఆటలు” అన్నారు. అరవై దాటాక అవే ఆటలు పేర్లు మార్చుకుని వచ్చాయి. దీని గురించి నేనేమీ అనను, మన 9999 ఇన్ వన్ క్యాసెట్ వేసిన దారే అది.

వెనక్కి పంపుతానంటే “విప్పిన సరుకు తీసుకోం” అన్నారు. అలా అనడానికి వాళ్ళకి వీల్లేదు. ప్రకటనలో చెప్పిన గుణం సరుకులో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఆ మాట వాళ్ళకి రాసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మర్నాడే ప్రకటనలోంచి క్యాసెట్ల లైను మాయం! ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచబట్టి బతికిపోయాను. మీరు ఏది కొన్నా డబ్బు కట్టే ముందు ప్రకటన మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. తొమ్మిది రోజులకి నా డబ్బు వచ్చింది, కొరియర్‌కి పెట్టిన 180 మాత్రం రాలేదు. అదే డబ్బా, అదే ఫొటో, ఇప్పుడు ఇంకో పేరుతో మళ్ళీ కనిపిస్తోంది. పాత లైను కూడా తిరిగొచ్చింది. ఇది రాయడానికి కారణం అదే.

రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మూత రాలేదనీ, క్యాసెట్ పెట్టే చోటే లేదనీ, డబ్బు కోసం ఎంత తిరిగానో కూడా. అంతా విని కాసేపు ఆగి, “ఊదావా?” అన్నాడు.