బెర్లిన్‌లో 24 గంటల టికెట్: ఏళ్ల తరబడి వాడాక

బెర్లిన్‌లో తిరుగుడు ఖర్చు పెరిగేది రెండు చోట్ల. ఒకటి జోన్ తప్పుగా తీసుకున్నప్పుడు, రెండోది టికెట్‌ని తప్పు టైములో పంచ్ చేసినప్పుడు, అంటే డబ్బాలో దూర్చి తేదీ, టైము అచ్చు వేయించినప్పుడు. ఈ రెండూ సరిచూసుకుంటే టూరిస్టు బస్సుల జోలికి వెళ్లకుండానే ఊరంతా చూసి రావచ్చు. ఏ పాస్ కొనాలనేది ఆ తర్వాతి మాట.

ముందు జోన్లు. ఊరి నడిబొడ్డు చుట్టూ 37 కిలోమీటర్ల రింగు రైలు మార్గం ఉంది. దాని లోపలిది ఏ జోన్, రింగు నుంచి నగరం పొలిమేర దాకా బీ, దాని అవతల సీ. టికెట్లు ఏబీ అనో, బీసీ అనో, ఏబీసీ అనో వస్తాయి. చూడాల్సినవి దాదాపు అన్నీ ఏబీలోనే అయిపోతాయి. సీలో పడేవి ముఖ్యంగా మూడు: ఎయిర్‌పోర్టు, పోట్స్‌డామ్, ఒరానియన్‌బుర్గ్‌లోని నాజీల కాలపు జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం. వీటికి వెళ్లే రోజు తప్ప మిగతా రోజుల్లో ఏబీసీ కొనడం దండగ. ఏబీ టికెట్ చేతిలో ఉండగా ఒక్క ప్రయాణానికి సీ కావాల్సివస్తే మెషీన్లోనే పొడిగింపు టికెట్ దొరుకుతుంది. దాన్ని విడిగా పంచ్ చేయాలి.

2025లో ఏబీ సింగిల్ టికెట్ 3.80 యూరోలు, 2026 జనవరి నుంచి 4. ఇది రెండు గంటలు చెల్లుతుంది. మెట్రో దిగి ట్రామ్, ట్రామ్ దిగి బస్సు, ఎన్ని మారినా పర్వాలేదు, మధ్యలో కాసేపు దిగి ఆగినా తప్పులేదు. వెళ్లిన దారినే వెనక్కి రావడం మాత్రం కుదరదు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. రెండు గంటలు ఉంది కదా అని మ్యూజియం చూసి అదే టికెట్‌తో తిరుగు రైలెక్కితే, చెకింగ్ దృష్టిలో అది టికెట్ లేని ప్రయాణమే. ఇదికాక తక్కువ దూరానికి ఓ చిన్న టికెట్ ఉంది: మెట్రోలో, ఎస్-బాన్ అనే నగర లోకల్ రైళ్లలో మూడు స్టేషన్ల దాకా, బస్సులో, ట్రామ్‌లో ఆరు స్టాపుల దాకా. వాన కురుస్తున్నప్పుడు పనికొస్తుంది, మామూలు రోజుల్లో ఆ దూరం నడిచేయొచ్చు.

అసలు సరుకు 24 గంటల టికెట్. 2025 ధర 10.60 యూరోలు. అదే ఏడాది సింగిల్స్‌తో లెక్కేస్తే మూడు ప్రయాణాలకే 11.40 అవుతుంది కాబట్టి మూడో ప్రయాణంతోనే ఇది గిట్టుబాటు. దీని అందమంతా అర్ధరాత్రితో ముగిసిపోకపోవడంలో ఉంది. పంచ్ చేసిన నిమిషం నుంచి మర్నాడు అదే నిమిషం దాకా నడుస్తుంది. పొద్దున్నే ఎనిమిదికి పంచ్ చేస్తే మర్నాడు ఎనిమిదికి అయిపోయి, ఆ రోజుకి మళ్లీ కొనాలి. అదే మొదటి రోజు ఉదయం బసకు దగ్గర్లో ఉన్నవి కాలినడకన చూసేసి పదకొండున్నరకి పంచ్ చేశారనుకోండి, మర్నాడు ఉదయం దూరపు చోటికి వెళ్లే ప్రయాణం కూడా అందులోనే కలిసిపోతుంది. ఇలా సర్దుకుంటే మూడు రోజులకి రెండు టికెట్లు సరిపోతాయి. గడువు చివరి పది నిమిషాల్లో మాత్రం కొత్తగా బండి ఎక్కొద్దు, గడువులోపే దిగిపోయేలా చూసుకోండి.

పిల్లలున్నవాళ్లకి ఇంకో మేలు. ఆరేళ్ల లోపు పిల్లలకి ఎప్పుడూ టికెట్ అక్కర్లేదు, 24 గంటల టికెట్ మీద 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు ముగ్గురి దాకా ఉచితంగా రావచ్చు. పెద్దవాళ్లే నలుగురో ఐదుగురో ఉంటే చిన్న బృందాల 24 గంటల టికెట్ తీసుకోండి. ముగ్గురికైతే విడివిడిగా కొనడమే చవక, నాలుగో మనిషి నుంచి బృందం టికెట్టే చవక.

ఇక పంచ్ చేయడం గురించి కాస్త విడమరిచి చెప్పాలి. హైదరాబాద్ మెట్రోలో టోకెన్ ఆనిస్తేనే గేటు తెరుచుకుంటుంది, బెర్లిన్‌లో గేటే లేదు. నేరుగా ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లిపోవచ్చు. మెషీన్లో కొన్న కాగితం టికెట్ పంచ్ చేసేదాకా చెల్లదు. మెట్రోకి, ఎస్-బాన్‌కి పంచింగ్ డబ్బా ప్లాట్‌ఫామ్ మీదే ఉంటుంది, రైలు లోపల ఉండదు. బస్సులో, ట్రామ్‌లో లోపలే ఉంటుంది. టికెట్ మీద బాణం గుర్తున్న వైపు డబ్బా సందులోకి దూర్చితే టక్కుమని చప్పుడు వస్తుంది, తేదీ, టైము, స్టేషన్ అచ్చవుతాయి. బయటికి తీసి ఆ అంకెలు కనబడుతున్నాయో లేదో అక్కడే చూసుకోండి. సిరా అయిపోయి ఏమీ పడకపోతే పక్క డబ్బాకి వెళ్లాలి. అక్షరాలు సరిగా పడ్డాక మాత్రం రెండోసారి పంచ్ చేయకూడదు, చేస్తే టికెట్ చెడిపోయినట్టే. మామూలు బట్టల్లో ఉన్న మనుషులు, తలుపులు మూసుకున్నాక కార్డు చూపించి టికెట్ అడుగుతారు. లేకపోతే జరిమానా 60 యూరోలు, కొత్తవాళ్లమని చెప్పినా పని జరగదు. పేరు మీదున్న నెల టికెట్‌ని ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్లకి మాత్రం ఊరట ఉంది: తర్వాత దాన్ని చూపిస్తే జరిమానా 7 యూరోలకి తగ్గుతుంది.

ఫోన్ యాప్‌లో కొంటే పంచ్ గొడవ లేదు గానీ, బండి ఎక్కకముందే కొనాలి. కొన్న టైము టికెట్ మీదే ఉంటుంది, ఎక్కాక చెకింగ్ వాళ్లని చూసి కొన్నామని ఇట్టే తెలిసిపోతుంది. ఛార్జింగ్ అయిపోతే చేతిలో టికెట్ లేనట్టే. రోజంతా మ్యాపు చూస్తూ, ఫోటోలు తీస్తూ తిరిగేవాళ్లకి కాగితం టికెట్టే నమ్మకం. ఇంకొకటి: 2024 సెప్టెంబర్ నుంచి నగర బస్సుల్లో నగదు తీసుకోవడం మానేశారు. బస్సులో కొనాలంటే కార్డు ఉండాలి. చిల్లర మాత్రమే ఉంటే ముందుగా స్టేషన్ మెషీన్లో కొనుక్కోవాలి.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రావడానికి ఏబీసీ సింగిల్ చాలు, 2025లో 4.70. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అని పేరున్న ఎఫ్ఈఎక్స్ రైలుకీ ఇదే టికెట్, అదనంగా ఒక్క సెంటు కూడా లేదు. ఎక్స్‌ప్రెస్ అనేసరికి ఖరీదని భయపడి చాలామంది ఎస్9 లోకల్ రైల్లో నెమ్మదిగా వస్తుంటారు. ఏది ముందొస్తే అదే ఎక్కండి. తిరుగు ప్రయాణంలో యూ7 మెట్రో లైను చివరి స్టేషన్ రూడోలో దిగి ఎక్స్7 బస్సు ఎక్కేవాళ్లు జాగ్రత్త. రూడో బీలో ఉంది, బస్సు సీలోకి వెళ్తుంది, అక్కడితో ఏబీ టికెట్ కథ ముగుస్తుంది.

ఈ టికెట్‌తో దక్కే వాటిలో మొదటి మార్కు 100 నంబరు బస్సుకే. 1990 నవంబర్‌లో, తూర్పు, పడమర జర్మనీలు కలిసిన కొద్ది వారాలకే, రెండు వైపులనీ కలుపుతూ మొదలైన మార్గమిది. జూ స్టేషన్ నుంచి విజయస్తంభం, అధ్యక్ష భవనం బెల్‌వ్యూ, పార్లమెంటు, బ్రాండెన్‌బుర్గ్ ద్వారం పక్కగా, ఉంటర్ డెన్ లిండెన్ వీధి మీదుగా మ్యూజియం దీవి దాటి అలెగ్జాండర్‌ప్లాట్స్ చేరుతుంది. అరగంట పని. రెండంతస్తుల బస్సు వచ్చేదాకా ఆగి, మొదటి స్టాపులోనే ఎక్కితే పైన ముందు సీటు దొరుకుతుంది. జూ వైపు నుంచి వెళ్తున్నప్పుడు ఎడమ పక్కన కూర్చోండి, పార్లమెంటు, పెద్ద చర్చి అటే వస్తాయి. ఊరేగింపులు, మారథాన్ ఉన్న రోజుల్లో విజయస్తంభం చుట్టుపక్కల రోడ్లు మూసేసి బస్సుని దారి మళ్లిస్తారు. అలాంటి రోజున దీన్ని నమ్ముకోవద్దు.

రెండో మార్కు జూ స్టేషన్‌కీ అలెగ్జాండర్‌ప్లాట్స్‌కీ మధ్య మిద్దెల ఎత్తున వెళ్లే ఎస్-బాన్‌కి. ఎస్3, ఎస్5, ఎస్7, ఎస్9, ఏదెక్కినా అదే దారి. ఫ్రీడ్రిష్‌స్ట్రాసె దాటాక రైలు స్ప్రే నది మీదుగా మ్యూజియం దీవిలోకి దూరి, బోడె మ్యూజియానికీ పెర్గామోన్ మ్యూజియానికీ నడుమ నుంచి పోతుంది. రాతిగోడలు కిటికీకి ఎంత దగ్గరగా వస్తాయంటే వాటి మీద మసి చారలు కూడా కనబడతాయి. అంతలోనే హాకెషర్ మార్క్ట్ స్టేషన్ వచ్చేస్తుంది. పెర్గామోన్‌ని ప్రస్తుతానికి ఇలా బయటినుంచి చూడటమే. మరమ్మతుల కోసం 2023 అక్టోబర్‌లో మూసేశారు, 2027లో కొంత భాగం తెరుస్తామంటున్నారు. నేల కింద చూడదగింది యూ5 మీద 2021లో తెరిచిన మ్యూజియం దీవి స్టేషన్. ముదురు నీలం కప్పులో చిన్న చిన్న దీపాలు చుక్కల్లా పొదిగారు.

బెర్లిన్ గోడ ఆనవాళ్లు చూడాలనుకునేవాళ్లకి ఎం10 ట్రామ్. బెర్నావర్ వీధిలోని గోడ స్మారకం దగ్గర స్టాపుంది. అక్కడ చూసుకుని అదే ట్రామ్‌లో సుమారు అరగంట వెళ్తే వార్షావర్ స్ట్రాసె. అక్కడినుంచి కొద్ది నడకలో, మిగిలిన గోడ మీద బొమ్మలు వేసిన 1.3 కిలోమీటర్ల ఈస్ట్ సైడ్ గ్యాలరీ. రెండూ ఉచితం. పార్లమెంటు గోపురం కూడా ఉచితమే గానీ ముందుగా పేరు నమోదు చేసుకుని, పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలి.

ఎండ కాసిన రోజు వాన్‌జే సరస్సుకి వెళ్లండి. ఎస్1 గానీ ఎస్7 గానీ ఎక్కి వాన్‌జే స్టేషన్‌లో దిగి రేవు దాకా నడిస్తే ఎఫ్10 లాంచీ ఉంటుంది. గంటకొకటి, 20 నిమిషాల్లో అవతలి ఒడ్డున క్లాడో. ఇది నగర రవాణాలో భాగం, ఏబీ టికెట్ చూపిస్తే చాలు. పక్కనే ఉండే ప్రైవేటు విహార పడవలకి విడిగా డబ్బు కట్టాలి, పొరపాటున ఆ వరుసలో నిలబడొద్దు. వేసవి ఆదివారాల్లో లాంచీ నిండిపోతే తర్వాతి గంట దాకా పడిగాపులే, కనుక కాస్త ముందే రేవుకి చేరాలి. క్లాడో నుంచి ఎక్స్34 బస్సు నేరుగా జూ స్టేషన్‌కి తెస్తుంది, వచ్చిన దారిన వెనక్కి పోనక్కర్లేదు.

జర్మనీ అంతటా చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ విషయానికొస్తే, 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58 అయి, 2026 జనవరి నుంచి 63కి చేరింది. వారం దాటి ఉండేవాళ్లకి, బెర్లిన్‌తో పాటు డ్రెస్డెన్‌కో లైప్‌జిగ్‌కో మామూలు రైళ్లలో వెళ్లొచ్చేవాళ్లకి ఇంతకు మించింది లేదు. ఐసీఈ, ఐసీ లాంటి దూరపు వేగం రైళ్లలో చెల్లదు. మూడు చిక్కులు తెలుసుకోండి. ఇది క్యాలెండర్ నెల లెక్క, 25న వచ్చి వచ్చేనెల 5న వెళ్లేవాళ్లు రెండు నెలలూ కట్టాల్సి వస్తుంది. ఇది చందా, నెల 10వ తేదీ లోపు రద్దు చేసుకోకపోతే తర్వాతి నెల డబ్బు కూడా లాగేస్తుంది. పేరు మీద ఉంటుంది, గుర్తింపు కార్డు వెంట ఉండాలి, ఆరేళ్లు దాటిన పిల్లలు దీని మీద ఉచితంగా రారు. బెర్లిన్‌లో చదువుతున్న మన విద్యార్థులకి చాలా యూనివర్సిటీల ఫీజులోనే దీని సెమిస్టర్ రూపం కలిసి ఉంటుంది, మామూలు ధరలో 60 శాతానికే. చుట్టాలొచ్చినప్పుడు ఆ టికెట్‌ని వాళ్లకి ఇచ్చి పంపితే మాత్రం ఇద్దరికీ ఇబ్బంది.

లోపం ఒకటే గట్టిది: మరమ్మతులు. ముఖ్యంగా శని, ఆదివారాల్లో ఏదో ఒక లైను ముక్క ఆపేసి బదులు బస్సులు వేస్తారు. బోర్డుల మీద ఎస్ఈవీ అన్న మూడక్షరాలు కనబడితే అదే. ఆ బస్సుకి టికెట్ అక్కర్లేదనుకోవద్దు, ఉన్న టికెట్టే చెల్లుతుంది. సమయం మాత్రం బాగా ఎక్కువ పడుతుంది. ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సిన ముందు రాత్రి యాప్‌లో మర్నాటి టైము పెట్టి దారి వెతకండి, ఆపేసిన ముక్కల్ని లెక్కలోకి తీసుకునే చూపిస్తుంది.

శుక్ర, శనివారాల రాత్రులు మెట్రో, ఎస్-బాన్ తెల్లవార్లూ నడుస్తాయి. మిగతా రోజుల్లో ఒంటిగంట ప్రాంతంలో మెట్రో ఆగిపోతే ఎన్1, ఎన్2 లాంటి ఎన్ నంబర్ల రాత్రి బస్సులు చాలావరకు ఆయా మెట్రో లైన్ల దారుల్లోనే తిరుగుతాయి. యూ8 లైను దగ్గర దిగినవాళ్లు ఎన్8 కోసం చూస్తే సరిపోతుంది, టికెట్ కూడా అదే.