బాబాయ్ షెడ్డులో చేయించిన శాడిల్ స్టేలు, ఆరు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపు కాదు. బోర్డు లేదు, మ్యాపులో వెతికినా దొరకదు. విజయవాడలో ఒక ఇంటి వెనకాల, జామచెట్టు కింద, పదడుగులకి పన్నెండడుగుల రేకుల షెడ్డు. లోపల ఒక బల్ల, దానికి బిగించిన వైసు, మేకులకి వేలాడే రెండు గ్రైండర్లు, ఒక ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీను, మూలన గొలుసేసి కట్టిన, వెల్డింగ్‌కి వాడే ఆర్గాన్ గ్యాసు సిలిండరు. ఆయన ఇరవై ఏళ్లకి పైగా ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంటిపట్టునే బైకులకి స్టేలు (వెనక పక్కల బ్యాగులు తగిలించే ఇనుప చట్రాలు), క్యారియర్లు, గార్డులు చేస్తున్నారు. వచ్చినవాళ్లందరూ బాబాయ్ అంటారు, నేనూ అంతే. పేరు, నంబరు రాయొద్దని గట్టిగా చెప్పారు. "ఉన్నోళ్లకే చెయ్యలేక చస్తున్నా అబ్బాయ్, ఇంకో నలుగుర్ని నా మీదకి తోలకు" అన్నారు.

మరి ఇంకెందుకు రాస్తున్నావయ్యా అంటారేమో. ఇలాంటి షెడ్డు మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అక్కడికి వెళ్తే ఏం చూడాలో, ఏం అడగాలో నాకు ముందే తెలిసుంటే ఒక మూడు వేలు, ఒక ట్రిప్పు మిగిలేవి.

నాది 2017 క్లాసిక్ 350. బ్యాగులు పెట్టుకోడానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక జత స్టేలు తెప్పించాను, ఎవరి దగ్గరో ఇక్కడ అనవసరం. ఫొటోలో భలేగా ఉన్నాయి, నల్లగా నిగనిగలాడుతూ. రంధ్రాలు కలవలేదు. వీధి చివర మెకానిక్ రౌండు ఫైలు పెట్టి రాకి రాకి ఎలాగో ఎక్కించాడు, ఎక్కించేటప్పుడు అడ్డమొస్తోందని శారీ గార్డు పీకేశాడు. రెండో ట్రిప్పులో, లంబసింగి వెళ్తుంటే నర్సీపట్నం దాటాక ఎడమ బ్యాగు ఒక్కసారిగా కిందకి జారింది. అదృష్టం బాగుండి చక్రంలోకి పోలేదు. తాడేసి కట్టుకుని వెనక్కి వచ్చేశాం.

ఆ విరిగిన ముక్క పట్టుకునే బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, విరిగిన చోట గోరుతో గీకి, "పైపు విరగదు అబ్బాయ్, ఎప్పుడూ చెవే విరుగుతుంది" అన్నారు. చెవి అంటే బోల్టు పట్టడానికి పైపు చివర అతికించే చిన్న ఫ్లాట్ ముక్క. నా పాతదాంట్లో అది 3 ఎంఎం మందం, ఒక్క పక్కనే వెల్డింగ్, ఆ బొక్క కాస్తా రాకడం వల్ల అంచుకి మరీ దగ్గరగా వచ్చేసింది. సింగిల్ సిలిండర్ బండి వణుకుడు తెలిసిందే కదా, రోజూ కొంచెం కొంచెంగా పగులు పాకుతూ పోయి ఆ రోజు తెగింది. పగులులో సగం తుప్పు పట్టి ఉంది, మిగతా సగం తెల్లగా మెరుస్తోంది. అంటే సగం ఎప్పుడో విరిగిపోయింది, నేను చూసుకోలేదు. ఇప్పుడు ఎవరి బండికి స్టేలు కనపడినా నా కళ్లు ముందు ఆ చెవుల మీదకే పోతున్నాయి, కొత్త జబ్బు పట్టుకుంది.

పైపు నేనే తెస్తే ఖర్చు తగ్గుతుందని మా ఇంట్లో ప్లంబింగ్ చేయించినప్పుడు మిగిలిన జీఐ పైపు మోసుకెళ్లాను. గుమ్మం దగ్గరే ఆపేశారు. జీఐ మీద ఉండేది జింకు పూత, వెల్డింగ్ వేడికి అది తెల్లటి పొగై లేస్తుంది, పీలిస్తే రాత్రికి చలిజ్వరం. ఆటోనగర్‌లో ఉన్నప్పుడు అలా ఒకసారి దుప్పటి కప్పుకుని వణికారట. "ఇది పట్టుకెళ్లి పందిరి వేసుకో" అని వెనక్కి పంపారు. పైపు మా పెరట్లో పడుంది, పందిరి ఇంకా వెయ్యలేదు.

నేనేమో గట్టిగా ఉంటుందని 12 ఎంఎం కడ్డీతో చేయమన్నాను. వద్దని 19 ఎంఎం పైపు తీసుకున్నారు, 16 గేజు, అంటే గోడ మందం 1.6 ఎంఎం. ఇంటికొచ్చి లెక్కేస్తే ఆయన చెప్పిందే నిజం. మీటరు కడ్డీ దాదాపు 890 గ్రాములు, అదే పొడవు పైపు 690 గ్రాములు. వంగకుండా నిలబడటంలో మాత్రం పైపుది మూడు రెట్లు పైమాటే. కాకపోతే పైపుని వంచడం కష్టం, వంపు దగ్గర నొక్కుకుపోతుంది. దానికి బాబాయ్ చేసే పని చూడాల్సిందే. కృష్ణ ఇసుక జల్లెడ పట్టి, పిన్ని పాత మూకుట్లో పోసి పల్లీలు వేయించినట్టు వేయిస్తారు. తడి పూర్తిగా పోవాలి, లేదంటే పైపు వేడి చేసినప్పుడు లోపల ఆవిరి కట్టి చెక్క బిరడా తుపాకీ గుండులా తన్నుకొస్తుంది. ఆ ఇసుకని పైపులో పోసి, సుత్తితో కొట్టి కొట్టి దిగేశాక రెండు చివరలా బిరడాలు బిగించి అప్పుడు వంచుతారు. వంపు తిరిగిన చోట వేలు పెట్టి తడిమాను, ఎక్కడా నొక్కు తగల్లేదు.

కొలతలు తీసుకున్నది టేపుతో కాదు, పూతరేకుల డబ్బా అట్టతో. షాక్ అబ్జార్బర్ పైబోల్టు, వెనక ఫుట్‌రెస్ట్ బోల్టు, మడ్‌గార్డు స్టే బోల్టు, ఈ మూడింటి మీదా అట్ట నొక్కిపెట్టి గుర్తులు పడేలా చేసి కత్తిరించారు. తర్వాత ఒక పాత గేటు ముక్క మీద యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప) ముక్కలు నిలబెట్టి, బండి మీద ఆ మూడు బోల్టులు ఎంత ఎత్తులో ఎంత దూరంలో ఉన్నాయో అచ్చం అలాగే బోల్టులు పాతారు. బండి పక్కనే ఉండగా ఇదంతా ఎందుకు అని అడిగితే బండి మీద ఆర్క్ కొట్టనన్నారు. ఎర్త్ కరెంటు ఏ దారిన పోతుందో తెలీదు, వైరింగో బేరింగో మాడితే ఎవరిది పూచీ? మా వీధి మెకానిక్ అయితే బ్యాటరీ వైరు కూడా తియ్యకుండా బండి మీదే వెల్డింగ్ పెట్టేస్తాడు, అది చూశాక ఈయన మీద గురి కుదిరింది.

నేను వెల్డింగ్ చూసింది మే నెలలో, మధ్యాహ్నం. బెజవాడ మే గురించి వేరే చెప్పక్కర్లేదు, పైగా రేకుల షెడ్డు. ఆర్గాన్ పెట్టినప్పుడు ఫ్యాను ఆపేయాలి. గాలి తగిలితే గ్యాసు చెదిరిపోయి వెల్డింగ్‌లో సూది బెజ్జాలు పడతాయి. ఫ్యాను ఆపి, మాస్కు దించి, ముందు నాలుగు చోట్ల టాకులు (కదలకుండా పట్టే చిన్న చుక్క అతుకులు) కొట్టి, ఆగి, మూలమట్టం పెట్టి చూసి, ఒక టాకు నచ్చక కోసేసి మళ్లీ కొట్టి, అప్పుడు అసలు వెల్డింగ్. అది కూడా వరసగా కాదు, ఇటు ఒక అంగుళం, అటు ఒక అంగుళం. వేడి ఒకవైపే పడితే లాగేస్తుందట. ఈసారి చెవులు 5 ఎంఎం ఫ్లాటు, పాతిక ఎంఎం వెడల్పు, బొక్క సరిగ్గా నడిమధ్యన. చెవి చుట్టూ వెల్డింగ్ తిప్పి వెనక ఒక ముక్కోణపు ముక్క కూడా వేశారు. చివరికి పైపు కింది వైపు 3 ఎంఎం డ్రిల్లుతో చిన్న బెజ్జం పెట్టారు, తర్వాత పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు పట్టించి కాల్చడానికి) పంపినప్పుడు మూసుకుపోయిన పైపు ఓవెన్‌లో వేడెక్కితే లోపలి గాలి ఎటో ఒకవైపు తన్నుకు రాకుండా. వానాకాలంలో లోపల నీళ్లు చేరితే కారిపోడానికీ అదే దారి.

బోల్టుల దగ్గర నాకు అక్షింతలు పడ్డాయి. చెవి మందం 5 ఎంఎం కలిసింది కాబట్టి పాత బోల్టు పొడవు చాలదు, నట్టులో మరలు సరిపడా పట్టవు. పొడవైనవి తెమ్మంటే నేను దొరికినవి తెచ్చాను. తల మీద 8.8 అని బలం గ్రేడు గుర్తు లేదని తిప్పి పంపారు. రెండోసారి చూసి తెచ్చాను, వణుకుకి వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు కూడా.

శారీ గార్డు సంగతి. నేను దాన్ని పీకేసి తిరుగుతున్నానంటే ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ఏం చెప్తుందంటే, బైకు వెనక చక్రం కనీసం సగం కప్పి ఉండాలి, వెనక కూర్చునేవాళ్లు పట్టుకోడానికి పిడి, కాలు పెట్టుకోడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలి, చీరో చున్నీయో చక్రంలో పడకూడదనే. బాబాయ్ రూలు చెప్పలేదు, "మీ అమ్మ ఎక్కదా ఈ బండి?" అన్నారు, అంతే. ఎడమ స్టేకే నాలుగు 6 ఎంఎం కడ్డీలు, కింద ఒక రేకు కలిపి గార్డు చేసేశారు. విడిగా ఇంకోటి బిగించే పని లేదు. బ్యాగు తీసేసినా చూడ్డానికి బండితో పుట్టినట్టే ఉంది. నేను అడగని పని ఇది, దానికి విడిగా డబ్బులూ తీసుకోలేదు. మొత్తం ఆయనకి ఇచ్చింది 4,200, పౌడర్ కోటింగ్‌కి బయట ఇంకో 700.

ఇక తిట్లు. రెండు ఆదివారాల్లో ఇస్తానన్నది ఏడు వారాలు పట్టింది. ఫోను ఎత్తరు. ఒకసారి వెళ్తే గ్యాసు అయిపోయింది, ఇంకోసారి కరెంటు లేదు, ఇంకోసారి పక్కింట్లో పసిపిల్ల నిద్రపోతోందని గ్రైండర్ పెట్టలేదు. ఆ చివరిది అయితే నేనూ ఏమనలేను. పని చూస్తే అయిదుకి అయిదు, టైము చూస్తే అయిదుకి ఒకటి, అదీ పిన్ని ఇచ్చిన మజ్జిగ వల్ల.

రెండో తప్పు కొంచెం పెద్దది. కోటింగ్‌కి పంపేటప్పుడు చెవుల మీద, బోల్టు కూర్చునే చోట టేపు వేసి పంపాలి. వెయ్యలేదు. ఆ పొర మీదే వాషరు బిగిస్తే బరువుకీ వణుకుకీ పొర నలిగి బోల్టు వదులవుతుంది. మారేడుమిల్లి వెళ్తూ రాజమండ్రిలో టిఫిన్‌కి ఆగినప్పుడు చెయ్యి పెట్టి చూస్తే కుడివైపు రెండు బోల్టులు చేత్తో తిరుగుతున్నాయి. వంద కిలోమీటర్లు పోయాక ఒకసారి బిగించుకోమని ఆయన చెప్పిన మాట నిజమే, స్పానరు ఉంది కాబట్టి సరిపోయింది, కానీ మరిచిపోయుంటే? తిరిగొచ్చాక చెప్పాను. వాదించలేదు, కూర్చోబెట్టి గ్రైండరుకి బిగించే ఫ్లాప్ డిస్కుతో బోల్టు కూర్చునే చోటల్లా కోటింగ్ గీకేసి సన్నగా ప్రైమరు రాసి బిగించారు. ఆ తర్వాత ఘాట్ రోడ్లో రెండు సార్లు తిరిగొచ్చాను, ఒక్కో బ్యాగులో ఏడెనిమిది కిలోలతో, ఒక్క బోల్టూ కదల్లేదు.

మా ఫ్రెండుది మచిలీపట్నం, సముద్రపు గాలికి తుప్పు ఎక్కువని ఎస్‌ఎస్‌లో (స్టెయిన్‌లెస్ స్టీలు) క్యారియర్ చేయించుకున్నాడు. పైపు వాడే కొనుక్కొచ్చాడు, అయస్కాంతం అంటలేదు కాబట్టి తుప్పు బాగా తట్టుకునే 304 గ్రేడు అని నమ్మి. తుప్పు అంతగా తట్టుకోని 202 రకానికి కూడా అయస్కాంతం పెద్దగా అంటదు, ఆ పరీక్షతో ఈ రెండింటికీ తేడా తేలదు. బాబాయ్ ముందే అనుమానపడ్డారు, బిల్లు మీద గ్రేడు రాయించుకున్నావా అని అడిగారు, వీడు నీళ్లు నమిలాడు. మూడు నెలలకే గోధుమరంగు చుక్కలు వచ్చాయి. వెల్డింగ్ అతుకులు మాత్రం లేత బంగారు రంగులో ఇప్పటికీ చూడముచ్చటగా ఉన్నాయి.

ఆయన ఏం చెయ్యరో కూడా తెలుసుకుని వెళ్లండి. అల్యూమినియం చెయ్యరు, దానికి ఏసీ ఇచ్చే మెషీను కావాలి, ఆయనది డీసీ మాత్రమే. హ్యాండిల్‌బార్, బ్రేకులు, యాక్సిల్, ఈ మూడింటికి సంబంధించింది ఏదీ ముట్టుకోరు. నా ముందే ఒక కుర్రాడు ఛాసిస్ వెనక కోసి పొట్టి చెయ్యమని, ఎంతైనా ఇస్తానని పావుగంట బతిమాలాడు. బాబాయ్ తల కూడా ఎత్తకుండా ఫైలు రాకుతూనే ఉన్నారు. చివరికి ఆ కుర్రాడే విసుగొచ్చి వెళ్లిపోయాడు.

మొన్న ట్యాంకు పక్కన జెర్రీ క్యాన్ పెట్టే ఫ్రేము ఒకటి అడిగాను. పెట్రోలు పెడతావా నీళ్లు పెడతావా అని అడిగారు. నీళ్లే అన్నాను. నమ్మినట్టు లేరు. సంక్రాంతి వెళ్లాక రమ్మన్నారు, ఏ సంక్రాంతో చెప్పలేదు.