వెన్ను పక్కకి వంగిన పిల్లలకు నిలకడ: ప్లాంకా, బ్యాలెన్స్ బోర్డా, అద్దం ముందు సాధనా?

వెన్ను పక్కకి ఒరిగి, కాస్త మెలి కూడా తిరిగి, ఎక్స్‌రేలో కాబ్ కోణం (వంపు ఎంతుందో చెప్పే కొలత) 10 డిగ్రీలో అంతకు మించో ఉంటే స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసు పిల్లల్లో ఇంట్లోవాళ్ల కంట పడేది భుజాల ఎచ్చుతగ్గులు. కంట పడనిది నిలకడ. కళ్లు మూయించి నిలబెడితే ఈ పిల్లల్లో చాలామంది తోటివాళ్లకంటే ఎక్కువగా ఊగుతారు. బలం చాలకే అలా జరుగుతుందనుకోవద్దు. ఒరిగిన ఒంటినే నిటారుగా భావించడం వాళ్లకు అలవాటైపోతుంది. మనం సరిచేసి నిలబెడితే "ఇప్పుడే వంకరగా ఉన్నట్టుంది" అంటారు.

ఇంట్లో చూడాలంటే బరువు తూచే మిషన్లు రెండు కావాలి. ఒకే బియ్యం సంచిని రెంటిమీదా తూచి, అంకె ఒకటే వస్తోందో లేదో ముందు చూసుకోండి. తర్వాత ఒక్కోదాని మీద ఒక్కో పాదం పెట్టించి, ఎదురుగా గోడను చూడమనండి. అంకెలు మీరే చదవాలి; పిల్ల తల వంచితే బరువు మారిపోతుంది. 44 కిలోల పిల్లకు ప్రతిసారీ 25, 19 అలా వస్తుంటే నిలబడే తీరులో తేడా ఉన్నట్టే. కాళ్ల పొడవులో తేడా ఉన్నా ఇలాగే రావచ్చు, అది డాక్టరు కొలిచి చెప్పాలి.

ప్లాంక్ అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని పలకలా నిలిపి ఉంచడం. దానివల్ల నడుము ఓపిక పెరుగుతుంది, నష్టమేమీ లేదు. కానీ మధ్య ఎక్కడుందో అది నేర్పదు. పైగా పిల్లలు ఊపిరి బిగబడతారు.

ఊగే బ్యాలెన్స్ బోర్డు, మెత్తటి ఫోమ్ దిండు మీద నిలబడటం వేగంగా ఫలితం చూపిస్తాయి. చీలమండలు చురుకవుతాయి, ఊగడం తగ్గుతుంది. చిక్కల్లా ఒకటే: తుంటిని పక్కకి తోసేసి, వంకరలోనే నిలదొక్కుకోవడం కూడా పిల్ల నేర్చుకోగలదు.

అందుకే మా మొదటి ఓటు అద్దానికి. జర్మనీలో 1921 నుంచి కాథరీనా ష్రోత్ నేర్పిన స్కోలియోసిస్ వ్యాయామ పద్ధతిలోనూ అద్దం ముందు సాధన ఉంది. ఛాతీ దగ్గర వెన్ను వంపు కుడివైపుకి ఉంటే, వీపు ఎడమవైపు గుంట పడుతుంది. అద్దం ముందు తుంటిని మధ్యకి తెచ్చి, నడినెత్తి పైకి సాగదీసి, ఆ గుంటలోకి ఊపిరి నింపాలి. ఐదు శ్వాసలు, మూడు విడతలు. ఎక్స్‌రే చూసిన, ఈ పద్ధతిలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టే మొదట నేర్పాలి. వీడియో చూసి చేస్తే వేరొకరి వంపుకు తగ్గ భంగిమ మన పిల్లకు వచ్చి పడుతుంది.

అద్దం తీసేసినా ఐదు శ్వాసలు అదే భంగిమ నిలిచాక ఫోమ్‌కి వెళ్లండి. మడతపెట్టిన దుప్పటి చాలు. గది మూలన, ముందు కుర్చీ పెట్టి, కళ్లు తెరిచి 30 సెకన్లు మూడుసార్లు. అది కుదిరాకే కళ్లు మూయడం.

ఇవేవీ బ్రేస్‌కి (వంపు పెరగకుండా ఒంటికి బిగించే గట్టి తొడుగుకి) బదులు కావు. ఇంకా ఎదుగుతున్న పిల్లకు 25 నుంచి 40 డిగ్రీలుంటే సాధారణంగా బ్రేస్ చెబుతారు. 2013లో వెలువడిన అమెరికా, కెనడాల అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల ముగిసింది. వేసుకోనివాళ్లలో 48 శాతం మందికే. రోజుకి సుమారు 13 గంటలు దాటి వేసుకున్నవాళ్లలో ఆ ఫలితం 90 శాతానికి పైనే.

ఛాతీ వంపు ఎడమవైపుకి ఉన్నా, నడకలో తూలుతున్నా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా ఈ సాధనలన్నీ ఆపి ముందు వెన్నెముక డాక్టరుకి చూపించండి. ఎమ్మారై అవసరమో కాదో ఆయన తేలుస్తారు.